రాత్రికి మూడు వందల అలర్టులు: బాయికాడి కెమెరాలతోని పరేషాన్, దారి చెప్పుండ్రి

బత్తాయి పోరడు (కనగల్, నల్లగొండ) · జూన్ 9, రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఆరెకరాల బత్తాయి తోట, రెండు బోర్లు. నేను హైదరాబాద్‌ల ఉంటా, తోటకాడ నాయిన ఒక్కడే. నిరుడు పక్క చెల్కలోళ్ల స్టార్టర్ డబ్బ ఎత్తుకపోయిన్రని భయానికి మూడు కెమెరాలు పెట్టించిన. ఒకటోది గేటు కాడ. రెండోది పెద్ద బోరు కాడ ఇనుప పైపుకు, రూముల ఉన్న రికార్డర్ నుంచి 80 మీటర్ల వైరు గుంజిన్రు. మూడోది తోట చివర చిన్న బోరు కాడ. అక్కడ కరెంటు లేదు కాబట్టి సోలార్ ప్యానెల్, సిమ్ కార్డు.

నిన్న రాత్రి 7 నుంచి పొద్దున 6 దాంక 312 అలర్టులు వచ్చినయ్. కూసోని లెక్కపెట్టిన. అందుల మనిషి ఒక్కడు లేడు.

అసలు బాధ ఇది గాదు. పోయిన నెల విసుగొచ్చి యాప్ సౌండ్ బంద్ వెట్టిన. మే 22 పొద్దుగాల నాయిన ఫోన్ చేసి "చిన్న బోరుకు కేబుల్ లేదు బిడ్డా" అన్నడు. యాప్ తెరిస్తే రాత్రి 2:47కు ఇద్దరు మనుషులు, భుజం మీద కేబుల్ చుట్ట, అంతా ఉన్నది. అలర్టు గూడ వచ్చింది. దానికి ముందు 190, తర్వాత 60 ఉంటే నేనెట్ల చూడాలె?

సెన్సిటివిటీ (ఎంత కదిలితే అలర్టు కొట్టాల్నో చెప్పే సెట్టింగ్) 80 నుంచి 20కి దించి చూసిన. ఇప్పుడు నాయిన ముందల నిలవడి చేతులు ఊపినా పలుకుతలేదు. పురుగొస్తే మాత్రం పలుకుతది.


ఎర్రచెల్క (దేవరకొండ) · జూన్ 9, రాత్రి 11:41

రెండు కుక్కల్ని సాదు తమ్మీ. నెలకు బస్తెడు నూకలు. నెట్ రీచార్జ్ గూడ అక్కర్లేదు.


బత్తాయి పోరడు · జూన్ 9, రాత్రి 11:44

ఉన్నయ్ అన్నా రెండు. ఆ 312ల సగం వాటియే.


కెమెరా మేస్త్రి (జడ్చర్ల) · జూన్ 10, ఉదయం 7:05

పదకొండేండ్ల నుంచి ఇదే పని. అందరూ మొదట సెన్సిటివిటీనే దించుతరు, తమ్ముడు చేసింది గూడ అదే. తప్పు నీది గాదు, యాప్‌ల కంటికి కనవడేది అదొక్కటే కాబట్టి.

ఒక ముచ్చట అర్థం చేసుకో. మామూలు మోషన్ డిటెక్షన్‌కు దొంగ తెల్వదు, పురుగు తెల్వదు. ఇంతకు ముందు బొమ్మకు, ఇప్పటి బొమ్మకు ఎన్ని చుక్కలు మారినయో లెక్క చూస్తది, అంతే. 60 అడుగుల దూరంల నడిచే మనిషి బొమ్మల వేలెడంత ఉంటడు. అద్దం ముందల బెత్తెడు దూరంల ఎగిరే పురుగు సగం బొమ్మ మింగుతది. ఇగ నువ్వు సెన్సిటివిటీ తగ్గిస్తే ముందు ఎవడు పోతడు? మనిషే పోతడు. పురుగు ఉంటది.

అందుకని ఇయ్యాల ఏమీ ముట్టకు. కెమెరాకు ఎన్ని అలర్టులో విడగొట్టు. ఒక యాభై వీడియోలు తెరిచి, దేనివల్ల వచ్చిందో కాయితం మీద గీతలు గీస్కో. అది పెట్టు ఇక్కడ, చూద్దాం.


బత్తాయి పోరడు · జూన్ 10, రాత్రి 9:30

ఆఫీసుల లంచ్ టైం అంతా దీనికే పోయింది అన్నా. గేటు కెమెరా 121, పెద్ద బోరుది 157, సోలార్‌ది 34.

గేటు కాడియి పాతిక చూసిన. పురుగులు 13, కుక్కలు 4, రోడ్డు మీద బండ్ల లైట్లు 5, వేప కొమ్మ 3.

పెద్ద బోరుది పాతిక చూసిన. చీరలు 9. (పందులు రాకుండ నాయిన తోట చుట్టూ పాత చీరలు కట్టిండు. గాలికి అవి ఊగుతయ్.) పురుగులు 4. మిగిలిన 12 వీడియోలల్ల ఏమీ లేదు. నిజంగనే ఏమీ లేదు. బొమ్మ ఒక్కసారి తెల్లగ అయ్యి మళ్ల మామూలుగ అయితది, అంతే.

దయ్యమని నాయినకు చెప్పలే.


మిల్లు గుమస్తా (మిర్యాలగూడ) · జూన్ 10, రాత్రి 10:02

మృగశిర కార్తె వచ్చింది, మొదటి వాన పడ్డది. ఇవి ఉసిళ్లు తమ్ముడు. మా దగ్గర ఈ వారం లైటు వేసుకొని అన్నం తినే పరిస్థితి లేదు. నాలుగు రోజులుంటాయి, పోతాయి. అసలు కష్టం అక్టోబర్, నవంబర్‌లో. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతకొచ్చేసరికి పచ్చ దీపపు పురుగులు మేఘంలాగా లేస్తాయి. మిల్లు గేటు కాడ కెమెరా అద్దం మీద పొరలా పేరుకుంటాయి, పొద్దున చీపురుతో ఊడ్చాలి.

మేం చేసింది చెప్తా. కెమెరా పక్కనే ఉన్న తెల్ల ఎల్ఈడీ తీసేసి, ఇరవై అడుగుల అవతల స్తంభానికి పెట్టాం, అది గూడా పసుపు వెలుగుది. పురుగులు అటు పోయినయ్. ఖర్చు బల్బు, పది మీటర్ల వైరు.


బడిపంతులు (కల్వకుర్తి) · జూన్ 10, రాత్రి 10:25

ఒక సందేహం. రాత్రిపూట ఈ కెమెరాలు వాడేది ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కదా. పురుగులకు అది కనిపించదని చదివాను. మరి తెల్ల లైటు లేని చోట కూడా కెమెరా చుట్టే ఎందుకు మూగుతాయి? మా ఇంటి వెనక కెమెరా దగ్గర లైటే లేదు. అయినా రాత్రంతా తెల్ల తెల్ల దారాలు ఎగిరినట్టు వస్తుంది.


కెమెరా మేస్త్రి · జూన్ 10, రాత్రి 10:50

మంచి ప్రశ్న సార్. చాలాసార్లు అవి మూగవు. ఊరికే దారిన పోతుంటయ్, మన లైటు వాటిని పెద్దగ చేసి చూపెడ్తది. ఎల్ఈడీలు అద్దం చుట్టే ఉంటయ్ గదా. దూరం పెరిగితే వెలుగు ఎంత తొందరగ పల్చబడ్తదో మీరు పిల్లలకు చెప్పే లెక్కనే. దూరం రెండింతలయితే వెలుగు నాలుగో వంతు. ఇరవై అడుగుల కాడి గోడను చూపించే వెలుగు అర అడుగు కాడి దోమ మీద పడితే ఎట్లుంటది? దోమ ట్యూబ్‌లైటు లెక్క మండుతది. ఆ దారాలు పురుగు రెక్కలే. రాత్రి షట్టర్ నిదానంగ తెరుస్తది కాబట్టి గీతలెక్క సాగుతయ్.

మందు ఏందంటే, కెమెరాల ఉన్న ఇన్‌ఫ్రారెడ్ బంద్ వెట్టి, వేరే ఇన్‌ఫ్రారెడ్ లైటు ఐదారు అడుగులు పక్కకు పెట్టాలె. అప్పుడు అద్దం ముందల పురుగు చీకట్ల ఉంటది, దూరంగ ఉన్న మనిషి వెలుగుల ఉంటడు. ఆ లైట్లల్ల రెండు రకాలు. 850 నానోమీటర్లది దూరం పోతది, కానీ రాత్రి సన్నగ ఎర్రగ కనవడ్తది. 940ది అస్సలు కనవడదు, దూరం తక్కువ. తోటకు 850 మంచిది. దొంగకు ఎర్ర చుక్క కనవడితే ఇంకా మంచిది అంట నేను.

ఇంకోటి, సాలెగూడు. పురుగులున్న కాడికి సాలీడు రాక మానదు. ఒక్క దారం అద్దం ముందల ఊగితే రాత్రంతా అలర్టే.


ఎర్రచెల్క · జూన్ 10, రాత్రి 11:10

కలరా గోళీలు గుడ్డల కట్టి కెమెరా పక్కన వేలాడదీస్తే సాలీడు రాదంటరు.


మిల్లు గుమస్తా · జూన్ 10, రాత్రి 11:18

కట్టినం. సాలీడు ఆ గుడ్డ మూటకే గూడు అల్లింది. వారానికోసారి చీపురు తప్ప వేరే దారి లేదు.


పిల్లలమర్రి అక్క (మహబూబ్‌నగర్) · జూన్ 11, మధ్యాహ్నం 2:15

మాది టౌన్. మాకు కోతులు. పగలు డాబా మీద ఒక గుంపు, సాయంత్రం ఇంకో గుంపు, డ్యూటీలు మారినట్టే. మనిషిని గుర్తుపట్టే కెమెరా అని ఎక్కువ డబ్బులు పోసి తెచ్చాం. పిట్టగోడ మీద కూర్చున్న కోతిని కూడా మనిషే అంటుంది. నిలబడి ట్యాంకు మూత ఎత్తితే ఇంక చెప్పక్కర్లేదు.

కొంచెం నయం ఎప్పుడైందంటే, తమ్ముడు వచ్చి కెమెరాను కిందికి దించి పెట్టాక. ముందు పదిహేను అడుగుల ఎత్తున ఉండేది, మనుషుల నెత్తులే కనపడేవి. ఇప్పుడు తొమ్మిది అడుగులు, కొంచెం కిందికి వంచాడు. మనిషి తల నుంచి కాళ్ల దాకా పడితేనే అది సరిగ్గా పోల్చుకుంటుందట. కనీస సైజు అని ఒక సెట్టింగ్ ఉంది, అందులో డబ్బా గీసి అంతకన్నా చిన్నవి వద్దు అన్నాం. దాంతో కోతులు చాలావరకు పోయాయి. పిల్లను ఎత్తుకున్న పెద్ద కోతి మాత్రం ఇప్పటికీ మనిషే.

ఇంకో తప్పు చేశాం, మీరు చేయకండి. బట్టల దండెం ఊగుతోందని ప్రైవసీ మాస్క్ పెట్టాం. అది అలర్టు ఆపడమే కాదు, ఆ చోటంతా నల్లగా చేసి రికార్డు కూడా లేకుండా చేస్తుంది. మనకు కావలసింది మోషన్ ఏరియా. అక్కడ దండెం వరకు చెరిపేస్తే అలర్టు రాదు, వీడియోలో మాత్రం ఉంటుంది. రెండూ యాప్‌లో పక్కపక్కనే ఉంటాయి, గళ్లు కూడా ఒకే రకంగా.


బత్తాయి పోరడు · జూన్ 11, సాయంత్రం 6:40

థ్యాంక్స్ అక్కా. నేను గేటుకు నల్ల డబ్బ పెట్టింది గూడ అదే! రోడ్డు లైట్లు పడకుండ అనుకున్న. రోడ్డు మీద ఎవడు ఆగినా కనవడదన్నట్టు. ఇప్పుడే తీసేసిన.


బడిపంతులు · జూన్ 11, రాత్రి 8:00

రోడ్డు లైట్ల సంగతి. హెడ్‌లైటు వెలుగు గోడ మీద పాకుతూ పోతుంది చూడండి, కెమెరాకు అది నడిచే మనిషితో సమానం. మా చెల్లెలు వాళ్లది చిట్యాల దగ్గర, 65వ నంబర్ జాతీయ రహదారి పక్కనే. హైదరాబాద్, విజయవాడ బండ్లు రాత్రంతా ఆగవు. వాళ్లు మోషన్ ఏరియా నుంచి రోడ్డును తీసేశారు, అయినా ఆగలేదు. ఎందుకంటే వెలుగు పడేది రోడ్డు మీద కాదు, లోపల గోడ మీద. చివరికి కెమెరాను గేటుకు ఎదురుగా కాక గేటు పక్క నుంచి లోపలికి చూసేలా తిప్పారు. దానికి తోడు యాప్‌లో బొమ్మ మీద ఒక గీత గీసి, అది దాటితేనే అలర్టు వచ్చేలా పెట్టారు.


కెమెరా మేస్త్రి · జూన్ 11, రాత్రి 8:30

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు. గీత దాటే సెట్టింగ్‌ల దిక్కు గూడ ఉంటది. బయట నుంచి లోపలికి మాత్రమే అని బాణం పెట్టుకో. నాయిన బయటికి పోయినప్పుడు అలర్టు రాదు. గీతను గేటు మీద గీయకు, గేటు లోపల నాలుగు అడుగులకు గీయి. గేటు గాలికి ఊగినా గీత దాటదు.

తమ్ముడు, నీ రెండో కెమెరా సంగతి నాకు మనసుల వడ్డది. ఏమీ లేని వీడియోలు. ముందు చీరలు, కొమ్మ, లైటు పని కానియ్యి. తర్వాత దాన్ని పడదాం.


బత్తాయి పోరడు · జూన్ 15, రాత్రి 10:10

శని, ఆదివారాలు ఊరికి పోయిన. చేసినయ్ చెప్తా.

వేప కొమ్మలు రెండు కొట్టిన. నాయినకు కోపమొచ్చింది, ఆ నీడల ఆయన మంచం ఏస్కుంటడు. చీరల కాడ ఇంకా పెద్ద పంచాయితీ. "పందులు నీ ఫోన్‌ను చూసి ఆగుతయా?" అన్నడు. నిజమే గదా. అందుకని చీరలు అట్లనే ఉంచి, కెమెరా మూతి స్టార్టర్ డబ్బ దిక్కు తిప్పిన. ఇదివరకు తోటంతా కనవడాలని పెట్టించిన, ఇప్పుడు డబ్బ, దాని చుట్టూ పది గజాలే కనవడ్తది. చీరల కొసలు ఒక మూలకు పడ్తయ్, ఆ మూల ఏరియాల నుంచి చెరిపేసిన. పిట్టలు రాకుండ కట్టిన మెరిసే రిబ్బన్లు మాత్రం తీసేసిన, అవి రాత్రి లైటుకు తళతళ మెరుస్తున్నయ్.

గేటు కాడ తెల్ల బల్బు తీసి, బాయి గడ్డ మీద పసుపుది పెట్టిన. గీత గీసిన, లోపలికి బాణం. అలర్టుకు అలర్టుకు నడుమ రెండు నిమిషాల ఎడం పెట్టిన.

నిన్న రాత్రి లెక్క: గేటు 9, సోలార్ 21, పెద్ద బోరు 88.

312 నుంచి 118కి వచ్చింది. సంతోషమే. కానీ ఆ 88లల్ల డెబ్బై దాంక ఉత్త తెల్ల మెరుపులే. రాత్రి నేనే పోయి స్తంభం కింద నిలవడ్డ. పైన కెమెరాల నుంచి టక్ అని చప్పుడు. ఒక నిమిషం ఆగి మళ్ల టక్. ఎర్రగ ఎల్ఈడీలు వెలుగుతయ్, ఆరుతయ్.


హ్యాపీ కృష్ణా (గద్వాల) · జూన్ 15, రాత్రి 10:22

కెమెరా పోయింది. మార్చు. నాకూ ఇట్లనే అయింది, కొత్తది తెచ్చిన.


కెమెరా మేస్త్రి · జూన్ 15, రాత్రి 10:30

మార్చకు, ఆగు. ఆ టక్ చప్పుడు లోపలి ఫిల్టర్‌ది. పగలు ఒక అద్దం అడ్డం వస్తది, రాత్రి పక్కకు పోతది. రాత్రికి ఒక్కసారి కొట్టాలె, నిమిషానికోసారి గాదు. నీకు కరెంటు చాలుతలేదు. అడాప్టర్ ఏడున్నది? రూముల రికార్డర్ పక్కనా? అక్కడి నుంచి 80 మీటర్లు సన్న వైరుల 12 వోల్టులు గుంజుకొచ్చిన్రా?

చీకటి పడంగనే ఎల్ఈడీలు వెలుగుతయ్, కెమెరా రెండింతలు కరెంటు అడుగుతది. వైరుల వోల్టేజి పడిపోతది. పడంగనే ఎల్ఈడీలు ఆరుతయ్ లేకుంటే కెమెరానే ఆగి మళ్ల మొదలైతది. ఆరంగనే వోల్టేజి లేస్తది, చీకటున్నది కాబట్టి మళ్ల వెలుగుతది. రాత్రంతా ఇదే ఆట. వెలిగినప్పుడల్ల బొమ్మ మొత్తం మారుతది, మోషన్ అని కొడ్తది.


వైండింగ్ షాపు (నాగర్‌కర్నూల్) · జూన్ 16, ఉదయం 6:50

మేస్త్రి సరిగ్గ పట్టిండు. నేను లెక్క చెప్తా. కెమెరా వైరుల కరెంటు పోయే తీగ అర చదరపు మిల్లీమీటర్ అనుకో. 80 మీటర్లు పోను, 80 రాను, మొత్తం 160 మీటర్లు. రాగి తీగ అయితే నిరోధం ఐదున్నర ఓమ్‌లు. రాత్రి అర ఆంపియర్ గుంజుతది అనుకుంటే 2.75 వోల్టులు దారిలనే తింటది. 12ల 9.25 మిగులుతది. కెమెరా మీద సాధారణంగ పది శాతం అటు ఇటు అని రాసి ఉంటది, అంటే 10.8 కన్నా దిగొద్దు. ఇది మంచి రాగి లెక్క. అల్యూమినియం మీద రాగి పూసిన వైరు అయితే ఇంకా పడ్తది. చీప్ కాయిళ్లల్ల అదే వస్తుంది.

కొలిచేటప్పుడు ఒక పని జెయ్. చాలామంది పగలు మీటర్ పెట్టి "వోల్టేజి బాగనే ఉన్నది" అంటరు. పగలు ఎల్ఈడీలు వెలగవు గదా. అరచెయ్యి కెమెరా మూతి మీద గట్టిగ మూసి పట్టు. నాలుగైదు సెకండ్లకు చీకటనుకొని టక్ అని ఎల్ఈడీలు వేస్కుంటది. అప్పుడు కెమెరా పిన్ను కాడ మీటర్ పెట్టు.


బత్తాయి పోరడు · జూన్ 16, రాత్రి 9:15

మా బాబాయి కొడుకును పంపిచ్చి వీడియో కాల్‌ల చూసిన. నిచ్చెనెక్కి కొలిచిండు. రూముల అడాప్టర్ కాడ 12.1. స్తంభం మీద మామూలుగ 10.6. చెయ్యి మూసి పట్టంగనే టక్ అన్నది, 9.2. చెయ్యి తీయకముందే ఎల్ఈడీలు ఆరిపోయినయ్!

అన్నా, దండాలు. ఇప్పుడు ఏం జేయాలె? స్తంభం పక్కనే స్టార్టర్ డబ్బ ఉన్నది. దాంట్ల నుంచి ఒక ఫేజ్ తీసుకొని అడాప్టర్ ఆడనే పెట్టమంటున్నడు ఊరి ఎలక్ట్రీషియన్. న్యూట్రల్‌కు భూమిల రాడ్ దిగేస్త అంటున్నడు.


వైండింగ్ షాపు · జూన్ 16, రాత్రి 9:20

వద్దు. వద్దు. వద్దు.

మోటార్ లైన్ల చాలా చోట్ల స్టార్టర్ దాంక న్యూట్రల్ రాదు, మూడు ఫేజ్‌లే వస్తయ్. రాడ్ దిగేసి న్యూట్రల్ లెక్క వాడితే ఆ రాడ్ చుట్టూ నేల మొత్తం కరెంటే. బత్తాయి పాదులల్ల ఎప్పుడూ తడి ఉంటది. మీ నాయిన చెప్పులు లేకుండ నడుస్తడు. అలర్టుల కోసం మనిషిని పోగొట్టుకుంటవా?

రెండు కోర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ రాగి వైరు ఒకటి రూం నుంచి వేరేగ గుంజు, కరెంటుకు మాత్రమే. బొమ్మకు పాత వైరే ఉండనియ్యి. పడిపోయేది ఒక వోల్టు లోపే ఉంటది.


కెమెరా మేస్త్రి · జూన్ 16, రాత్రి 9:45

వైండింగన్న మాట విను. ముందు ముందు కెమెరాలు మార్చేది ఉంటే నెట్‌వర్క్ వైరు మీదనే కరెంటు పోయే రకం తీస్కో. అది 48 వోల్టుల దగ్గర నడుస్తది కాబట్టి ఆంపియర్లు నాలుగో వంతే, వంద మీటర్ల దాంక బాధ లేదు. ఇప్పటికి 1.5 వైరు చాలు.

ఆ పైపు గూడ చూడు. ఇనుప పైపు మట్టిల పాతితే జూన్, జూలై గాలికి వంగి లేస్తది. కంటికి కనవడదు, కెమెరాకు తెలుస్తది, బొమ్మంతా కదులుతది. కాంక్రీట్ పోసి రెండు దిక్కుల తీగ గుంజి కట్టు.


హ్యాపీ కృష్ణా · జూన్ 16, రాత్రి 10:05

అయితే నేను పడేసిన కెమెరా మంచిదేనా??


కెమెరా మేస్త్రి · జూన్ 16, రాత్రి 10:06

ఎక్కడ పడేసినవ్ అన్నా.


బడిపంతులు · జూన్ 17, ఉదయం 8:30

సోలార్ కెమెరా గురించి ఎవరూ మాట్లాడలేదు. 34 నుంచి 21కి మాత్రమే తగ్గింది కదా. అది వేరే జాతి. బ్యాటరీ మీద నడిచేది కాబట్టి ఎప్పుడూ బొమ్మను పోల్చుతూ కూర్చోదు. వేడిని పసిగట్టే చిన్న కన్ను ముందు మేల్కొని, తర్వాత కెమెరాను లేపుతుంది. ఆ కంటికి లోపల రెండు భాగాలు. ఒక దాని మీద పడ్డ వేడి రెండో దాని మీద పడకపోతే కదలిక అంటుంది. అందుకే అడ్డంగా నడిచే మనిషిని బాగా పడుతుంది, నేరుగా ఎదురొచ్చేవాడిని ఆలస్యంగా పడుతుంది.

మన ఎండలకు ఇంకో చిక్కు. మనిషి చర్మం వేడి దాదాపు 34, 35 డిగ్రీలు. మే నెలలో వెనక ఉన్న చెట్టు, మట్టి కూడా అంతే వేడెక్కితే మనిషి అందులో కలిసిపోతాడు. కానీ ఆకుల సందున ఎండ మచ్చలు కదిలితే మాత్రం కదలిక అంటుంది.


బత్తాయి పోరడు · జూన్ 17, మధ్యాహ్నం 1:10

సార్, ఇది అచ్చం మా కథే! మే నెల పగలు నాయిన దాని ముందల నుంచే పోయి మోటార్ వేసి వస్తడు, అలర్టు రాదు. చెట్టు కింద ఎవరూ లేరు, పది వస్తయ్. సిమ్ డేటా మధ్యాహ్నానికే అయిపోయేది.


బడిపంతులు · జూన్ 17, మధ్యాహ్నం 1:45

పడమర ముఖం ఉంటే ఉత్తరానికి తిప్పించండి. ఎనిమిదడుగుల ఎత్తు చాలు. దొంగ వచ్చే బాట దానికి అడ్డంగా పడేలా చూడండి. ఆ కన్ను సాధారణంగా ఎనిమిది, పది మీటర్లకు మించి నమ్మకంగా పట్టదు, కాబట్టి బోరుకు దగ్గరగా ఉండాలి.


మిల్లు గుమస్తా · జూన్ 17, సాయంత్రం 5:20

ఒక మాట అందరికీ. అలర్టులు తగ్గించే తొందరలో రికార్డింగ్‌ను కూడా కదలిక ఉంటేనే అని మార్చకండి. అవి వేరు, ఇవి వేరు. కరెంటు మీద నడిచే కెమెరాలకు రికార్డింగ్ ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్లకైతే 2013 ప్రజా భద్రత చట్టం ప్రకారం 30 రోజుల రికార్డు ఉంచాలి. తోటకు ఆ లెక్క లేదు గానీ, పది రోజులన్నా ఉంచుకో. దొంగతనం తెలిసేది ఒక్కోసారి వారానికి.


బత్తాయి పోరడు · జూన్ 24, రాత్రి 9:50

ఆలస్యమైంది, మన్నించుండ్రి. వైరు గుంజినం, పాత పీవీసీ పైపు ముక్కలల్ల దూర్చి, కట్ట పొంటి పాతినం. చెయ్యి మూసి కొలిస్తే ఇప్పుడు 11.1. టక్ ఒక్కసారి, పొద్దుగూకినప్పుడు. స్తంభానికి కాంక్రీట్ పోసిన్రు. సోలార్‌ది ఉత్తరానికి తిప్పి బోరుకు ఆరు మీటర్ల దూరంల పెట్టిన.

ఐదు రోజుల నుంచి రాసుకుంటున్న. రాత్రికి 11, 7, 14 (ఆ రోజు ఉరుములు మెరుపులు, అది లెక్కల వెయ్యను), 6, 8.

అయితే రెండో కెమెరాల మనిషి గుర్తింపు ఆన్ చేస్తే నిన్న ఒకటే రాత్రి నాలుగుసార్లు మనిషి అన్నది. గుండె ఆగినంత పనైంది. తెరిచి చూస్తే, పందుల కోసం నాయిన కొత్తగ పెట్టిన బెదురు బొమ్మ. నా పాత కాలేజీ చొక్కా తొడిగిండు. గాలికి చేతులు ఊపుతున్నది.


పిల్లలమర్రి అక్క · జూన్ 24, రాత్రి 10:01

మా కోతులకు ఈ బొమ్మను పరిచయం చేయాలి 😄 ఆ బొమ్మ ఉన్న చోటును ఏరియాలోంచి తీసేయ్ తమ్ముడూ.


బత్తాయి పోరడు · జూన్ 24, రాత్రి 10:04

తీస్తే నాయిన రేపు ఇంకో కాడ పాతుతడు అక్కా. రోజూ చోటు మార్చాలట, లేకుంటే పందులకు అలవాటైతదట. పొద్దున ఫోన్ చేసి "ఇయ్యాల బొమ్మ ఏడుంది?" అని అడిగి ఏరియా మార్చుకుంటున్న.


ఎర్రచెల్క · జూన్ 24, రాత్రి 10:20

కుక్కలకు చొక్కా తెలుస్తది. చెప్పిన గదా.


కెమెరా మేస్త్రి · జూన్ 24, రాత్రి 10:31

ఇప్పుడు సౌండ్ ఆన్‌ల ఉన్నదా తమ్మీ?


బత్తాయి పోరడు · జూన్ 24, రాత్రి 10:33

ఉన్నది అన్నా. నిన్న 4:10కు మోగింది, లేచి చూసిన. నాయిన. మోటార్ వెయ్యనీకి పోతున్నడు.